పడవ కొన్నంక డీలర్ ఫోన్ ఎత్తకపోతే

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్ల సగానికి ఎక్కువ పడవల మీదనే ఉన్నయి. నేను ముప్పై ఏండ్ల నుంచి సాగర్ ఎనక నీళ్లల్ల పడవల పని, మోటార్ల పని చేస్తున్న, డీలర్లతోని కొట్లాడి పైసలు వాపస్ తెచ్చుకున్నోళ్లను చూసిన, నోరు మూసుకొని పడవను ఒడ్డుకు బోర్లేసుకున్నోళ్లను అంతకంటె ఎక్కువ చూసిన. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఆపి ఇయ్యాల పడవల ముచ్చటనే తీసుకున్న. పేర్లు రాయొద్దని చాలామంది అడిగిన్రు, ఎవ్వరి పేర్లు ఏస్తలేను.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నేరేడుగొమ్ము మండలం, సాగర్ బ్యాక్ వాటర్ ఒడ్డుకే మా ఇల్లు. మా నాన్న పుట్టి మీదనే బతుకంతా ఎల్లదీసిండు. మూడు నెలల కింద నేను 20 ఫీట్ల ఫైబర్ పడవ, 9.9 హెచ్‌పీ మోటారు కలిపి 3 లక్షల 80 వేలకు ఒక డీలర్ దగ్గర కొన్న, అందుల సగం అప్పే. మోటారు గట్టిగ అరుస్తది గని పడవ ముందటికి పోతలేదు. ఎనక ఇద్దరు కూసుంటే జెర నయం, ఒక్కణ్ణే పోతే మరీ అన్యాయం. మోటారు పక్క నుంచి పడే నీళ్ల ధార కూడ నడుమ నడుమ ఆగుతది, అప్పుడు పీ పీ అని మొత్తుకుంటది. డీలర్‌కు ఫోన్ చేస్తే మొదట వస్త వస్త అన్నడు, తర్వాత నీకు నడపరాదు, లోడ్ ఎక్కువ ఏస్తున్నవ్ అన్నడు, ఇప్పుడు ఫోనే ఎత్తుతలేడు. ఏం చెయ్యాలె?

జవాబు: తమ్మీ, నీ ఉత్తరంల అసలు సంగతి ఒక్క మాటల ఉంది, నువ్వు ఊకె రాసేసినవ్ గని నాకు అదే పట్టుకుంది. ఎనక ఇద్దరు కూసుంటే జెర నయం అన్నవ్ చూడు, గదే. లోడ్ ఎక్కువై పడవ పోకపోతే మోటారు అరవది, మూలుగుతది, రేస్ ఎంత ఇచ్చినా స్పీడు అందుకోదు, బరువు పెరిగేకొద్ది ఇంక కూలబడుతది. నీది ఉల్టా ఉంది, బరువు ఎనకకు పడి మోటారు నీళ్లల్లకు దిగితే మంచిగ నడుస్తుంది, అంటే దానికి లోతు సాలుతలేదు. డీలర్ చెప్పిన లోడ్ మాట అక్కడనే పడిపోయింది.

రేపు పొద్దుగాల టేపు తీస్కొని పడవ దగ్గరికి పో. మోటారు తగిలించిన ఎనక పలక ఉంటది గద, దాని మీది అంచు నుంచి పడవ అడుగు దాక నిట్టనిలువుగ కొలువు. తర్వాత మోటారును కొలువు, పలక మీద కూసునే క్లాంపు లోపలి నుంచి కిందికి, నీళ్లల్ల తిరిగి పడవను తోసే ఫ్యాన్‌కు జెర మీద అడ్డంగ ఒక రేకు ఉంటది చూడు, ఆ రేకు దాక. ఈ పొడుగునే షాఫ్ట్ కొలత అంటరు, మోటార్లల్ల షార్ట్ షాఫ్ట్ 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్ 20 అంగుళాలు అటు ఇటుగ ఉంటయి. ఆ రేకు పడవ అడుగుతోని సమానంగ ఉండాలె, లేదంటె ఒక అంగుళం కిందికన్న ఉండాలె. నీ పడవ పలక 20 ఉండి మోటారు 15ది తగిలించిండంటె ఫ్యాన్ 5 అంగుళాలు మీద తిరుగుతున్నట్టు, నీళ్లతోపాటు గాలిని గుంజుతది, గాలిని కోసే ఫ్యాన్‌కు అడ్డం ఏముంటది, అందుకే ఆ అరుపు. చల్లదనానికి నీళ్లు గుంజే రంధ్రాలు కూడ ఆ పక్కన్నే ఉంటయి, అవి గాలి పీలిస్తే ధార ఆగుతది, ఇంజన్ వేడెక్కి మొత్తుకుంటది.

ఇట్లాంటిదే ఒకటి వైజాగ్ కాలనీ ఒడ్డున నేనే కొలిచిన. పడవను ఇసుక మీదికి లాగి ఎనక పలక మీద సుద్దముక్కతోని అడుగు గీత గీసి చూస్తే, ఆ గీతకూ మోటారు రేకుకూ నడుమ నా నాలుగు వేళ్లు అడ్డం పెట్టినా ఇంక జాగ మిగిలింది. ఆ పడవ పిల్లగాడు ఆర్నెల్లు తనకే నడపరాదనుకొని లోపల లోపల ఏడ్చిండు, వాళ్ల అయ్య కూడ వాన్నే తిట్టిండు. నాకు ఇప్పటికీ ఆ పిల్లగాని ముఖం యాదికొస్తది, ఆ సుద్ద గీత చూసినంక మోకాళ్ల మీద కూలబడి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక గట్లనే కూసున్నడు.

అయితె డీలర్ మీదికి పోయే ముందు మన దిక్కు లోపం లేదని తేల్చుకోవాలె. మోటారు వంపు పిన్ను ఏ రంధ్రంల ఉందో చూడు, మరీ బయటికి లేపి ఉంటే కూడ గాలి పీలుస్తది. ఫ్యాన్ ఎనక వల దారం చుట్టుకుందా చూడు. ఫ్యాన్ నడుమ రబ్బరు బుష్షు జారినా మోటారు అరుస్తది పడవ కదలది, కాని అప్పుడు నీళ్ల ధార ఆగదు, నీది ఆగుతుంది గావట్టి అది కాదనే నా అంచనా. నీళ్లు గుంజే రంధ్రాలకు కవరు ముక్క, నాచు అడ్డం పడ్డదా కూడ చూడు. ఇవన్ని చూసినంక కొలత తేడా ఉంటే టేపు ఆన్చి ఫోటోలు తియ్, నంబర్లు కనపడాలె, పడవ మొత్తం ఒక ఫోటోల పడాలె, మోటారు సీరియల్ నంబరు రేకు ఒక ఫోటోల పడాలె. ధార ఆగినప్పుడు సౌండ్‌తోని వీడియో తియ్. అప్పటిదాక ఫుల్ రేస్ ఇయ్యకు, ఎండుగ తిరిగితే పంపు లోపలి రబ్బరు రెక్కలు కాలిపోతయి, ఆ మీద నువ్వే పాడు చేసినవ్ అంటడు.

ఇంకొక మాట, డీలర్ మెత్తబడి వచ్చి పలకను 5 అంగుళాలు కోస్త, సెట్ అయితది అంటడు. అస్సలు ఒప్పుకోకు. ఎనక పలక తగ్గితే వలలు ఏసుకొని నిలబడ్డప్పుడు గాలికి లేసే అల సీద పడవలకే వస్తది, సాగర్ నిండుగ 590 అడుగులకు దగ్గరున్నప్పుడు ఆ వెడల్పుల మధ్యాహ్నం గాలి ఎట్ల లేస్తదో నీకు నేను చెప్పే పని లేదు. కోసిన ఫైబర్ అంచు సరిగ మూయకపోతే లోపలి చెక్క నానుతది, మోటారు బరువుకు పలకనే ఊగుతది. నువ్వు అడగాల్సింది లాంగ్ షాఫ్ట్ మోటారు మార్చి ఇయ్యమని, అంతే.

ఇగ కాగితం పని. నువ్వు మూడు నెలలు ఫోన్ల మీదనే నడిపించినవ్, అదొక్కటే నీ దిక్కు తప్పు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంల రెండు మాటలున్నయి. కొనేటోడు ఏం పనికో చెప్పి అమ్మేటోని తెలివి మీద నమ్మకం పెట్టి కొంటే ఆ సరుకు ఆ పనికి పనికి రావాలె, ఇది 16వ సెక్షన్. నువ్వు నా పడవకు మోటారు ఇయ్యమన్నవ్, ఏ షాఫ్టో నువ్వు చెప్పలే, ఆయననే తెచ్చి తగిలించిండు, గావట్టి అది ఆయన మీదనే పడుతది. రెండోది 42వ సెక్షన్, సరుకు దగ్గర పెట్టుకొని వద్దని చెప్పకుంట చాన రోజులు ఊకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే ఇంక ఒక్క రోజు కూడ ఆగకు.

ఉత్తరం పెద్దగ అక్కర్లే. ఫలానా తారీకున ఫలానా బిల్లు నంబరు మీద పడవ, మోటారు కొన్న, పలక 20 అంగుళాలు, మోటారు షాఫ్ట్ 15 అంగుళాలు, అందుకే గాలి పీలుస్తుంది, కొన్న వారంల నుంచే మీకు ఈ ఈ తారీకులల్ల ఫోన్ చేసిన, 15 రోజులల్ల సరైన మోటారు మార్చి ఇయ్యండి లేదంటె మోటారు పైసలు వాపస్ ఇయ్యండి, గిట్ల రాస్తె సాలు. తిట్లు రాయకు, నా బతుకు ఆగమైందని కూడ రాయకు, కొలతలు తారీకులే రాయి. స్పీడ్ పోస్టుల డీలర్‌కు ఒకటి, మోటారు కంపెనీకి ఒకటి పంపు, రసీదు పెట్టుకో, అదే కాగితం ఫోటో వాట్సాప్‌ల కూడ పెట్టు, నీలం గీతలు పడ్డది స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. నీ ఫోన్ కాల్ లిస్టు కూడ ఇప్పుడే తీసుకో, తర్వాత దొరకదు.

పదిహేను రోజులల్ల జవాబు రాకుంటే 1915కు ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడుతరు, వాళ్లు డీలర్‌ను కంపెనీని కదిలిస్తరు, చాలా పంచాయితీలు అక్కడనే తెగుతయి. తెగకుంటే నల్గొండల జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019ల కొత్త వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినంక డీలర్ ఏ ఊర్ల ఉన్నా నువ్వు ఉండే జిల్లాలనే కేసు ఏసుకోవచ్చు, ఆ పాత కష్టం పోయింది. 50 లక్షల దాక సరుకుకు జిల్లా కమిషనే, నువ్వు కట్టిన ధరనే లెక్క. 5 లక్షల లోపల అయితె ఫీజు ఒక్క రూపాయి కూడ లేదు, నీది 3 లక్షల 80 వేలే. వకీలు లేకున్నా నీ అంతట నువ్వే చెప్పుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌ల ఆన్‌లైన్ల కూడ ఏసుకోవచ్చు. కష్టం మొదలైన కాడ నుంచి రెండేండ్ల లోపల ఎయ్యాలె.

డీలర్ వకీలు ఒక మాట తప్పకుంట అంటడు, ఇది వ్యాపారానికి కొన్నది, ఈయన వినియోగదారుడే కాదు అని. భయపడకు. తన చేతులతోని తనే పని చేసుకొని బతికేటోడు ఆ బతుకు కోసం కొన్న సరుకు వ్యాపారం కిందికి రాదని చట్టంలనే రాసి ఉంది. అయితె నువ్వు నీ ఫిర్యాదుల ఆ మాట నీ నోటితోని రాయాలె, ఈ పడవను నేనే నడుపుత, నేనే వల ఏస్త, నా కుటుంబం దీని మీదనే బతుకుతది అని. మత్స్య సహకార సంఘం సభ్యత్వం కార్డు జతపర్చు. ఈ ఒక్క లైను రాయక కేసు బలహీనం చేసుకున్నోళ్లను నేను చూసిన, మనసుకు కష్టమైతది.

ప్రశ్న: సార్, మాది సోమశిల దిక్కు. టూరిస్టులను తిప్పుదామని 12 సీట్ల పడవ తీస్కున్నం నేను మా బామ్మర్ది కలిసి. రిజిస్ట్రేషన్, సర్వే అంతా మేమే చేపిస్తం అని డీలర్ నోటి మాట చెప్పి అడ్వాన్సుల 25 వేలు అదనంగ తీస్కుండు, రసీదు ఇయ్యలే. ఇప్పుడు అడిగితే మీ దగ్గర ఎవరు అడుగుతరు, ఊకె తిప్పుకోండి అంటుండు. తిప్పుకోవచ్చునా?

జవాబు: వద్దు. ఈ మాట మొదట చెప్పి తర్వాత మిగతాది రాస్త. 2007 జనవరిల మంచాలకట్ట దగ్గర, మీ కొల్లాపూర్ పక్కన్నే, సింగోటం జాతరకు వచ్చి వాపస్ పోయేటోళ్ల పడవ కృష్ణల మునిగి 60 మందికి పైగా పోయిన్రు. మీ దిక్కు ముసలోళ్లను అడుగుండి, ఆ రాత్రి ముచ్చట చెప్పేటప్పుడు వాళ్ల గొంతు ఎట్ల అయితదో. మీ పడవల ఎక్కేది హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు, ఈత రానోళ్లు, సెల్ఫీ కోసం అందరు ఒక్క దిక్కుకే ఒరిగేటోళ్లు.

ఇంజన్‌తోని నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలె, బీమా ఉండాలె. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021ల కొత్త అంతర్దేశ నౌకల చట్టం తెచ్చిన్రు, దాని కింద ఇవన్ని ఉన్నయి. సర్వే అంటే కాగితం ముద్ర కాదు, ఆ పడవ ఎంతమందిని మోయగలదో, ఒక దిక్కుకు ఒరిగితే మల్ల లేస్తదో లేదో, లైఫ్ జాకెట్లు ఎన్నున్నయో చూసుడు. దాని కోసం పడవ కట్టినోళ్ల సర్టిఫికెట్, పడవ డ్రాయింగులు, ఇంజన్ నంబరున్న బిల్లు కావాలె, ఇవి డీలర్ చేతిల ఉండే కాగితాలు. ఆయన ఇస్తలేడంటె రెండు అనుమానాలు, బద్దకమన్న అయి ఉండాలె లేకుంటే పడవకు అసలు డ్రాయింగే లేకుండ ఎవరో షెడ్డుల పాత అచ్చు మీద పోసిందన్న అయి ఉండాలె. రెండోదే అయితె మీకు పైసలు వాపస్ అడిగే హక్కు ఇంక గట్టిది.

25 వేలకు రసీదు లేదని రాసిన్రు. ఫోన్ పేల కొట్టినరా? అయితె అదే రసీదు. ఇప్పుడు వాట్సాప్‌ల మర్యాదగ ఒక మెసేజ్ పెట్టుండి, అన్నా రిజిస్ట్రేషన్ కోసం మేము ఇచ్చిన 25 వేల పని ఎంతవరకు వచ్చింది అని. అవుననో చేస్తున్ననో ఏదో ఒకటి రాస్తడు, రాసిన తర్వాత ఆ నోటి మాట కాగితం అయినట్టే. ఫోన్ల మెసేజ్‌లు కమిషన్ల పెట్టాలంటె ఒక ధ్రువీకరణ పత్రం జతపర్చాలె, 2023ల వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంల 63వ సెక్షన్ కింద, నోటరీ దగ్గర అడిగితే నమూనా దొరుకుతది. ఫోన్ మాత్రం మార్చకుండి, ఆ చాట్ తీసెయ్యకుండి.

మీరిద్దరే నడుపుకుంటున్నరు గావట్టి మీరు కూడ బతుకుదెరువు కిందనే వస్తరు. నాలుగు పడవలు కొని జీతగాళ్లను పెట్టి నడిపిస్తే అప్పుడు కథ వేరు అయితది. మీ డీలర్ చేసింది ఒప్పుకున్న సేవ చేయకపోవుడు, సరుకు లోపంతోని సంబంధం లేకుండ దీని మీదనే కూడ ఫిర్యాదు నిలబడుతది. కాగితాలు వచ్చేదాక ఒడ్డున పెట్టుకుంటే రోజు ఎంత నష్టమైతదో నాకు తెల్సు, అప్పు మిత్తి ఆగదు, ఆ నష్టం కూడ రాసి అడుగుండి, ఏ రోజు నుంచి ఏ రోజు దాక పడవ ఎందుకు తిప్పలేదో డైరీల రాసుకుంట పోండి.

ప్రశ్న: జూరాల దిక్కు నుంచి రాస్తున్న. పోయినేడు కొన్న ఫైబర్ పడవ అడుగున బుడ్డలు బుడ్డలు లేసినయి, కొన్ని పగిలి నీళ్లు కారుతున్నయి. డీలర్ వచ్చి చూసి మీరు బండల మీద గుంజినరు, వారంటీ రాదు అన్నడు. మేము గుంజినమాట నిజమే, ఎవరు గుంజరు చెప్పండి.

జవాబు: నిజం చెప్పినవ్, గుంజకుండ ఒడ్డుకు ఎక్కుతదా. అయితె గుంజితే పడే గాయం వేరు, లోపల నుంచి లేసే బుడ్డ వేరు. బండ తగిలితే గీతలు పడుతయి, గట్టిగ తగిలితే సాలెగూడు లెక్క చుట్టూ పగుళ్లు పోతయి, నడుమ ఒక గుంత కనపడుతది. బుడ్డ అట్ల కాదు, మీది పొర నున్నగనే ఉండి లోపల నుంచి ఉబ్బుతది, ఒకటి కాదు వరుసగ గుంపుగ లేస్తయి, బండ తగలని చోట కూడ. రెసిన్ సరిగ కలపక, ఫైబర్ చాప సరిగ తడవక లోపల గాలి మిగిలితే నీళ్లు మెల్లగ లోపలికి పోయి గట్ల అయితది. ఒక బుడ్డను సూదితోని పొడిచి చూడు, కండ్లకు దూరంగ పెట్టుకొని పొడువు, లోపలి నీళ్లు ఒత్తిడి మీద చిమ్ముతయి. దాని వాసన సిర్కా లెక్క పుల్లగ కొడితే అది తయారీ లోపమనే చెప్పాలె, బండకు ఆ వాసన రాదు. ఇది వీడియో తీసుకుంట చెయ్, ఒకటే పొడువు, మిగతావి అట్లనే ఉంచు.

ఇంకొకటి, రూపాయి బిళ్లతోని పడవ అడుగంతా కొట్టుకుంట పో. మంచిగున్న చోట టంగుమని మోగుతది, పొరలు విడిపోయిన చోట బొద్దుగ, పుచ్చిన సొరకాయను కొట్టినట్టు మోగుతది. ఆ చోట సుద్దతోని గుండ్రంగ గీసుకుంట పోయి చివరకు మొత్తం ఫోటో తీస్తె డీలర్‌కు మాట రాదు.

దయచేసి రిపేర్ చేపియ్యకు. ఎవరో లోకల్ల పుట్టీ పెట్టి రంగేస్తె ఎల్లిపోతది అంటరు, పెట్టినంక సాక్ష్యం పోయినట్టే. కమిషన్ కావాలనుకుంటె సరుకును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేపిస్తది, ఆ పరీక్షకు పడవ ఉన్నది ఉన్నట్టు ఉండాలె. మామూలు కేసు మూడు నెలలల్ల, పరీక్ష అవసరమైంది ఐదు నెలలల్ల తేల్చాలని చట్టం చెప్తది, నిజంగ ఇంక ఎక్కువే పడుతది, దానికి సిద్ధపడి పో. పడవ పాతదైతది అని ఆందోళన పడకు, నీళ్లల్ల నుంచి తీసి నీడన ఎత్తు మీద పెట్టు.

ప్రశ్న: కొత్త మోటారు గేరు ఆయిల్ పాల లెక్క తెల్లగ అయింది. డీలర్ మీరు ఫస్ట్ సర్వీస్ చేపియ్యలేదు అంటుండు. మాది హాలియా.

జవాబు: తెల్లగైందంటే గేరు డబ్బలకు నీళ్లు పోయినయి, సీల్ పోయింది, వెంటనే ఆపు. వల దారం గాని తంగూసు గాని షాఫ్ట్‌కు చుట్టుకొని సీల్‌ను కోసిందా మొదట చూడాలె, ఫ్యాన్ ఇప్పితే కనపడుతది. దారం ఉంటే అది నీ మీదనే, లేకుంటే వారంటీ అడుగు. సర్వీస్ ముచ్చటకొస్తె, కొత్త మోటారుకు చాలావాటికి 20 గంటల దగ్గరనో మొదటి నెలలనో ఫస్ట్ సర్వీస్ ఉంటది, ఎప్పుడో నీ పుస్తకంల రాసి ఉంటది, ఆ పేజీ చదువు. గంటలు రాసుకునే అలవాటు మనకు లేదు, దాని మీదనే డీలర్లు గెలుస్తరు. ఒక చిన్న నోటుబుక్కు మోటారు డబ్బల పెట్టి పోయిన పొద్దు వచ్చిన పొద్దు రాయి.

ప్రశ్న: అన్నా, మేము కోయిల్‌సాగర్ దగ్గర ఆడోళ్లం, స్కీముల సబ్సిడీ మీద పడవ తీస్కున్నం. మా వాటా మేము కట్టినం. ఆర్నెల్లల్ల మోటారు చెడిపోయింది, పోయి చూస్తె డీలర్ దుకాణమే ఎత్తేసిండు. బిల్లు నా మొగుని పేరు మీద ఉంది, నేను నడుపుత. నాకు అడిగే హక్కు ఉన్నదా?

జవాబు: ఉన్నది చెల్లె. కొన్న మనిషి ఒప్పుకోలుతోని వాడే మనిషి కూడ వినియోగదారుడే అని చట్టం చెప్తది, బిల్లు ఎవరి పేరు మీదున్నా నువ్వు అడగొచ్చు. దుకాణం ఎత్తేస్తే మోటారు తయారు చేసిన కంపెనీ ఎటు పోయింది? లోపం ఉన్న సరుకుకు తయారు చేసినోళ్ల మీద, అమ్మినోళ్ల మీద, సర్వీసు చేసినోళ్ల మీద కూడ బాధ్యత పెట్టింది 2019 చట్టం. వారంటీ కార్డు మీద కంపెనీ చిరునామా ఉంటది, అక్కడికే రాయి, పక్క జిల్లాల ఉన్న వాళ్ల సర్వీస్ సెంటర్ ఎక్కడో అడుగు. ఫిర్యాదు ఏసేటప్పుడు ఇద్దరి పేర్లు పెట్టు. మహబూబ్‌నగర్ల జిల్లా కమిషన్ ఉంది, నీకు దగ్గర్నే.

మత్స్య శాఖ ఆఫీసుల కూడ ఒక కాగితం ఇచ్చి రసీదు ముద్ర ఏపిచ్చుకో. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అయితె ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ, మిగతాది మీ వాటా, ఆ వాటా కట్టిన రసీదు చాల అవసరం, జాగ్రత్త చెయ్. నువ్వు నడుపుత అని రాసినవ్ చూడు, ఆ మాట చదివి చాన సంతోషమైంది నాకు. మా అమ్మ బతికినన్నొద్దులు ఒడ్డున కూసొని చేపలు కోసింది, పడవ ఎక్కనియ్యలేదు ఎవ్వరు.

ప్రశ్న: పానగల్లు ఉదయసముద్రం పక్కన మాది. ఇంక కొనలేదు, అడ్వాన్స్ ఇచ్చేటట్టున్న. మోసపోకుండ ఏం రాపిచ్చుకోవాలె?

జవాబు: నువ్వు ముందు అడిగినవ్, నాకు ఇట్లాంటి ఉత్తరం పదికి ఒకటి కూడ రాదు. కొటేషన్ మీద పడవ పొడుగు, వెడల్పు, ఎనక పలక ఎత్తు అంగుళాలల్ల, మోటారు షాఫ్ట్ అంగుళాలల్ల, మోటారు మాడల్, ఎంతమందికి, ఎంత బరువుకు అని రాపిచ్చుకో, మునగకుండ లోపల ఫోమ్ ఏసిన్రా లేదా అది కూడ రాయమను. బిల్లు జీఎస్టీ నంబరుతోని పూర్తి రేటుకు ఉండాలె, తక్కువకు బిల్లిస్త నీకు మిగులుతది అంటే వద్దను, రేపు ఆ తక్కువ రేటే నీ నష్టం లెక్కకు వస్తది. బిల్లు ఇయ్యకపోవుడే చట్టం కింద తప్పుడు వ్యాపారం. లోపమున్న సరుకును బిల్లు మీద రాసిన గడువుల, గడువు రాయకుంటే 30 రోజులల్ల వాపస్ తీసుకోనంటె అది కూడ అదే కిందికి వస్తది, గావట్టి ఒకసారి అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు అని అచ్చేసి ఉన్నా చెడ్డ సరుకుకు ఆ మాట చెల్లది.

పైసలు మొత్తం ముందే ఇయ్యకు. పదో వంతన్న ఆపి, నీళ్లల్ల ట్రయల్ అయినంక ఇస్తనని కొటేషన్ మీదనే రాపిచ్చి ఆయనతోని సంతకం పెట్టియ్. ట్రయల్ దుకాణం ముందట డ్రమ్ముల కాదు, మన చెరువుల చెయ్యాలె, నువ్వు రోజు ఎక్కిచ్చుకునే బరువుతోని. పొద్దుగాల నీళ్లు అద్దం లెక్క ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం గాలి లేసినంక ఇంకొకసారి తిప్పు. ఫుల్ రేస్ మీద మోటారు అరుస్తుందా, పక్క ధార ఆగకుంట పడుతుందా, మలిపేటప్పుడు ఒక దిక్కుకు ఎంత ఒరుగుతుంది చూడు. ఒడ్డుకొచ్చినంక అడుగు చెక్కలు లేపి లోపల నీళ్లేమన్న చేరినయా చెయ్యి పెట్టి చూడు. అన్ని మంచిగుంటే ఆ పదో వంతు అక్కడనే ఒడ్డు మీద లెక్కబెట్టి ఇచ్చి, ట్రయల్ మంచిగైంది అని తారీకుతోని ఇద్దరు సంతకాలు పెట్టుకోండి. వచ్చే నెలకు ఎట్ల అయిందో నాకు ఉత్తరం రాయి తమ్మీ.